ఒక్క మెట్టు కింద ఆగిన అలీసా

చదరంగం మన దేశంలో పుట్టిన ఆటే. కాని అది దేశాలు దాటి పోయేసరికి పావుల పేర్లు మారిపోయాయి. మనం ఏనుగు అనే పావును సెర్బియా పిల్లలు ఫిరంగి అంటారు. మన శకటు వాళ్ళకు వేటగాడు. గుర్రాన్ని “దుమికేవాడు” అంటారు. బంటు మటుకు అక్కడ కూడా కాలిబంటే!

సెర్బులకు ఈ ఆటంటే మహా ఇష్టం. 1970లో సోవియట్ జట్టుకూ, మిగిలిన ప్రపంచమంతటి జట్టుకూ పెద్ద పోటీ జరిగింది. ఆ పోటీ జరిగింది బెల్గ్రేడు నగరంలోనే. సరిగ్గా ఆ ఏడాదే, జనవరి 10న, ఒక సెర్బు కుటుంబంలో కవల ఆడపిల్లలు పుట్టారు. పుట్టింది అమెరికాలోని న్యూయార్కులో. వాళ్ళ పేర్లు అలీసా, మిర్యానా. ఇంటిపేరు మారిచ్. అక్కచెల్లెళ్ళిద్దరూ చదరంగంలో పేరు తెచ్చుకున్నారు. ఇంట్లోనే సరిజోడు ఉంటే ఆడుకోవడానికి మరొకరిని వెతుక్కోనక్కర లేదు గదా!

అప్పట్లో సెర్బియా, యుగోస్లావియా అనే పెద్ద దేశంలో ఒక భాగం. అలీసా ఆ దేశం తరఫున ఆడేది. 1988లో, అంటే పద్దెనిమిదో ఏట, ఆమెకు మహిళా గ్రాండ్‌మాస్టర్ బిరుదు వచ్చింది.

ఆ రోజుల్లో స్త్రీల ప్రపంచ కిరీటం జార్జియాకు చెందిన మాయా చిబుర్దనిద్జే దగ్గర ఉంది. 1950 నుంచీ ఆ కిరీటం సోవియట్ దేశం దాటి బయటికి పోలేదు. ఆమెతో తలపడాలంటే ముందు మరొక పోటీలో నెగ్గాలి. అది 1990లో జార్జియాలోని బోర్జోమిలో జరిగింది. ఊటనీళ్ళకు పేరుపడ్డ ఊరది. ఎనిమిదిమంది ఆడారు. చివరికి చూస్తే ఇద్దరికి సమానంగా మార్కులు వచ్చాయి. ఒకరు అలీసా. రెండోవారు చైనా అమ్మాయి షియే జున్. ఇద్దరికీ ఇంచుమించు ఇరవై ఏళ్ళే!

ఈ షియే జున్ మొదట నేర్చింది మన చదరంగం కాదు, చైనా చదరంగం. అందులో పలకకు అడ్డంగా ఒక నది ఉంటుంది, ఏనుగులు ఆ నదిని దాటరాదు. ఫిరంగులూ ఉంటాయి, ఏనుగులూ ఉంటాయి!

తేల్చుకోవడానికి 1991లో ఇద్దరికీ విడిగా పందెం పెట్టారు. ఎవరికీ అన్యాయం జరగకుండా కొన్ని ఆటలు బెల్గ్రేడులో, కొన్ని పెకింగులో ఆడించారు. గెలుపుకు ఒక మార్కు, సరిసమానమైతే చెరి అర. ఏడు ఆటలయ్యేసరికి షియే జున్‌కు 4½, అలీసాకు 2½ వచ్చాయి. అదే ఏడాది షియే జున్ మాయాను కూడా ఓడించి కిరీటం చైనాకు పట్టుకుపోయింది. దీన్నిబట్టి అలీసా ఓడింది సామాన్యురాలి చేతిలో కాదని తెలుస్తుంది.

సెర్బులకు ఈ బాధ కొత్త కాదు. 1964లో నల్లసముద్రపు ఒడ్డున సుఖుమిలో ఇటువంటి పోటీలోనే మిలుంకా లాజరేవిచ్ అనే సెర్బు క్రీడాకారిణి మరి ఇద్దరితో సమానంగా మొదటి స్థానంలో నిలిచింది. తరవాత జరిగిన తేల్చుకునే ఆటల్లో గెలుపు కుష్నిర్ అనే ఆమెకు దక్కింది.

అలీసాకు ఆ పైన వచ్చిన కష్టం పలక మీదిది కాదు. 1991లో యుగోస్లావియా ముక్కలు కావడం మొదలయింది, యుద్ధాలు వచ్చాయి. 1992లో ఐక్యరాజ్య సమితి ఆంక్షలు పెట్టింది. ఆ దేశం పేరుతో ఏ జట్టూ అంతర్జాతీయ పోటీలకు పోవడానికి వీల్లేకపోయింది. ఆటగాళ్ళు ఏం పాపం చేశారు? అయినా అలీసా ఆట మానలేదు. తరవాత ఎన్నో ఏళ్ళు తన దేశపు జట్టులో ఆడింది. చదువు కూడా విడవక, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది.

2012లో ఆమె సెర్బియా ప్రభుత్వంలో యువజన, క్రీడల శాఖకు మంత్రి అయి, 2013 దాకా ఆ పదవిలో ఉంది. అన్నట్టు, పలక మీద మనం మంత్రి అనే పావు పేరు చెప్పనేలేదు. దాన్ని సెర్బులు “దామా” అంటారు. దొరసాని అని అర్థం.