టైమింగ్ బెల్టు: తెగకముందే మార్చుకుందాం

మన కర్మాగారాల్లో పంపు బేరింగు పగిలేదాకా ఎవరమూ వేచి ఉండము. నిర్ణీత గంటలు పూర్తికాగానే యంత్రాన్ని ఆపి, భాగాన్ని మార్చి, లాగ్‌బుక్కులో నమోదు చేస్తాము. ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అని మనం నిత్యం చెప్పుకునే ఈ నియమాన్ని ఇంటి ముందున్న కారు విషయంలో మాత్రం తరచు విస్మరిస్తాము. టైమింగ్ బెల్టే ఇందుకు నిదర్శనం.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో క్రాంక్‌షాఫ్టు నుంచి కామ్‌షాఫ్టుకు చలనాన్ని ఉక్కు గొలుసు అందించేది. ఆనాడు ప్రభుత్వరంగ సంస్థగా ఉన్న మారుతీ ఉద్యోగ్ 1983 డిసెంబరులో తెచ్చిన మారుతి 800లో ఆ పని పళ్ల రబ్బరు బెల్టుది. 2014 జనవరిలో ఆ కారు ఉత్పత్తి ఆగింది. నేటి కార్లలో పలువాటికి మళ్లీ గొలుసే ఉంది. మీ కారులో ఉన్నది బెల్టో గొలుసో యజమాని పుస్తకంలో చూసి తెలుసుకోవాలి.

క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఈ లయను కాపాడేది బెల్టే. అది తెగితే కామ్‌షాఫ్టు నిలిచిపోతుంది, ఇంజను ఆగిపోతుంది. కొన్ని ఇంజన్లలో తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్లు ఢీకొంటాయి. వాల్వులు వంగుతాయి, హెడ్డు విప్పవలసి వస్తుంది. రాత్రివేళ కుటుంబంతో హైవే మీద ఉన్నవారికి ఖర్చు కంటే ప్రమాదమే పెద్దది.

ఫ్యాన్ బెల్టు వదులైతే కీచుమని చెబుతుంది. టైమింగ్ బెల్టు పళ్ల మీద నడుస్తుంది కనుక సాధారణంగా అలా అరవదు. పైగా కవరు చాటున ఉంటుంది. వేడికి రబ్బరు బీటలువారుతుంది, ఆయిలు తగిలితే చెడిపోతుంది. పైకి బాగున్నా లోపలి నారలు బలహీనపడి ఉండవచ్చు. కాబట్టి కంటిని కాక లెక్కను నమ్మాలి. తయారీదారు చెప్పిన కిలోమీటర్లు, సంవత్సరాలు, వీటిలో ఏది ముందు పూర్తయితే అప్పుడు మార్చాలి. సెకండ్‌హ్యాండ్ కారు కొని, పాత రికార్డు దొరకకపోతే వెంటనే మార్చడం క్షేమం.

మీ మోడలు సర్వీసు మాన్యువల్, టార్క్ రెంచి, తగినంత ఓపిక ఉంటే ఈ పని ఇంట్లో సాధ్యమే. ఇంజను పూర్తిగా చల్లారాక, చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేకు వేసి, బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. కారును ఎత్తవలసి వస్తే జాకీ ఒక్కదానినే నమ్మరాదు, స్టాండు పెట్టాలి. స్పార్క్ ప్లగ్గులు తీస్తే ఇంజను చేతికి సులువుగా తిరుగుతుంది.

ఫ్యాన్ బెల్టు, పుల్లీ, కవరు తీశాక, క్రాంక్‌షాఫ్టును స్పానరుతో తిప్పి, రెండు పళ్లచక్రాల గుర్తులను మాన్యువల్ చూపిన స్థానాలకు తేవాలి. ఆపైన టెన్షనరును వదులు చేసి బెల్టు తీయాలి. బెల్టు లేని వేళ ఏ షాఫ్టునూ కదిలించరాదు. టెన్షనరు బేరింగును, ఆయిల్ సీళ్లను పరీక్షించాలి. సీలు కారుతుంటే ముందు దానిని మార్చాలి, లేకుంటే కొత్త బెల్టూ పాడవుతుంది. కొత్త బెల్టును మడత పెట్టరాదు, స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించరాదు.

బిగువు సరిచేశాక అతిముఖ్యమైన పరీక్ష మిగిలి ఉంటుంది. స్టార్టరు జోలికి పోకుండా, ఇంజను తిరిగే దిశలోనే క్రాంక్‌షాఫ్టును చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే బలం ప్రయోగించక అక్కడే ఆపాలి. చివరకు గుర్తులు మళ్లీ సరిగా కలవాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా బెల్టు తీసి తిరిగి వేయవలసిందే. ఆ తరువాతే బోల్టులను చెప్పిన టార్కుకు బిగించి, కవరు మూయాలి.

ప్రత్యేక లాకింగ్ సాధనాలు కావలసిన ఇంజన్లను, కొలత తెలియని బిగువును అంచనాతో సరిపెట్టకూడదు. ఆ పని అనుభవజ్ఞుడైన మెకానిక్కుకు అప్పగించడమే వివేకం. ఎవరు మార్చినా ఆనాటి తేదీ, మీటరు రీడింగు ఒక చీటీ మీద రాసి బానెట్టు లోపల అతికించండి. రేపు ఆ కారు నడిపే మీ అబ్బాయికో, అమ్మాయికో, కొనుక్కునే మరొకరికో అదే లాగ్‌బుక్కు.