కుజుని రాళ్లు, వేముల రాళ్లు

కడప జిల్లాలో పులివెందుల చెంతనున్న వేముల మా యూరు. ఇచ్చటి గుట్టలలో పొరలు పొరలుగా నుండు డోలమైటు రాతికి, పొరుగూరి పేరిట వేంపల్లె శిల యని భూగర్భశాస్త్రజ్ఞులు పేరిడిరి. తుమ్మలపల్లె యురేనియపు గని యీ శిలయందే కలదు. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగు ఈ సీమ శిలలను గూర్చి 1872లోనే గ్రంథము ప్రకటించెను.

ఈ రాయి యేర్పడి సుమారు 190 కోట్ల సంవత్సరములైనదని అంచనా. ఇందు కొన్నిచోట్ల, కోసిన ఎర్రగడ్డ పొరలవలె వంపులు తిరిగిన చారలు కానవచ్చును. వీనిని స్ట్రొమటొలైటు లందురు. లోతు తక్కువైన సముద్రజలమున సూక్ష్మజీవులు జిగురుచాపవలె పరచుకొని, మట్టిరేణువులను పట్టి, పొరమీద పొర పేర్చిన గుర్తులివి. చెట్టుచేమలు, పశుపక్ష్యాదులు పుట్టకమునుపే ఇచ్చట ప్రాణముండెనన్నమాట!

సోదరీమణులారా, ఇట్టి ఆనవాలు మరియొక గ్రహమున దొరకునా? మనుష్యుడు అచ్చట ఇంకను కాలిడలేదు. కావున ఆరు చక్రముల యంత్రశకటములను పంపుచున్నారు. వీనికి రోవరులని వాడుక. మన దేశపు రోవరు ప్రజ్ఞాన్ చంద్రునిపై నడచినది. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ సమీపమున దిగెను. 26 కిలోల బరువుగల ప్రజ్ఞాన్ సుమారు 100 మీటర్లు తిరిగి, మట్టిపై లేసరు కిరణము ప్రసరింపజేసి, ఆ వేడికి పుట్టిన వెలుగులోని రంగులను బట్టి అచ్చట గంధకము కలదని తెలిపెను. కంసాలి గీటురాతిపై బంగారు వన్నె చూచునట్లే, ఇచ్చటను రంగే సాక్షి.

అమెరికావారి పర్సెవరెన్సు 2021 ఫిబ్రవరి 18న కుజగ్రహమున జెజెరో యను పెద్దగుంటలో దిగినది. 350 కోట్ల యేండ్లకు పూర్వము అచ్చట ఒక నది సరస్సులో గలయుచుండెను. ఇచ్చటినుండి సందేశము చేరుటకు దూరమును బట్టి 3 మొదలు 22 నిమిషములు పట్టును గనుక, పగ్గములు పట్టి బండి తోలినట్లు దానిని తోలరాదు. చేయవలసిన పనిని ముందుగా తెలిపినచో, త్రోవలోని రాళ్లను అదియే చూచి తప్పించుకొనును.

2024 జూలైలో దానికి చిరుతపులి మచ్చలవంటి మచ్చలుగల రాయి కనబడెను. ఇనుముతో భాస్వరము, ఇనుముతో గంధకము కలిసిన ఖనిజములు ఆ మచ్చలలో నున్నట్లు 2025 సెప్టెంబరులో ప్రకటించిరి. భూమిపై ఇట్టివి సూక్ష్మజీవుల వలనను పుట్టును. జీవము లేకయు పుట్టవచ్చును. ఏది నిజమో రోవరు తేల్చజాలదు. అది రాతిని తొలిచి కొంత గొట్టములో భద్రపరచినది. ఆ ముక్కను భూమికి తెచ్చి పరీక్షించినగాని నిర్ణయము కుదరదు. తెచ్చుటయో మిక్కిలి కష్టసాధ్యము, వ్యయసాధ్యము.

చారలు గాని మచ్చలు గాని చూచినంతనే జీవమని పలుకరాదను నియమము వేముల రాతికిని చెల్లును. అయితే మన రాయి చేతికందునది. పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూడవచ్చును. కోట్లకొలది మైళ్ల దూరమున నున్న ఒక్క రాతిముక్కకై విద్వాంసులు ఎదురుచూచుచుండగా, ఇంటి చెంతనున్న వ్రాతను మన బాలికలు చదువనేరకుండుట తగునా? తల్లులు గుట్టలోని పొరలను వారికి చూపి, ఇది యెట్లు పుట్టెనని అడుగవలెను. ప్రశ్న పుట్టినచో చదువు దానివెంట రాగలదు.