రద్దు మీట

భారతకథలో అశ్వత్థామకు బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగించడం తెలుసు, ఉపసంహరించడం తెలియదు. అర్జునునికి రెండూ తెలుసు. దీర్ఘకాలం సాగే పనిని కంప్యూటరుకు అప్పగించేవారికి కూడా ఈ రెండవ విద్య అవసరం. చెప్పిన పనిని కంప్యూటరు అలుపెరుగక చేస్తుంది. ఆ పని తప్పని మనం గ్రహించినా తనంత తానుగా ఆగదు. అందుకే ప్రోగ్రాములో 'రద్దు' మీటను ఏర్పాటు చేస్తారు.

హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం పోటీపరీక్షలకు చదివే విద్యార్థులతో కిటకిటలాడుతూ ఉంటుంది. అటువంటి గ్రంథాలయంలో 50,000 పుస్తకాల వివరాలను కొత్త పట్టికలోకి మార్చడానికి ఒక విద్యార్థి జావాస్క్రిప్టు భాషలో ప్రోగ్రాం రాశాడనుకుందాం. సగం పని జరిగాక, తాను ఎంచుకున్నది పాత జాబితా అని ఉద్యోగి గమనించాడు. ఆపే మార్గం లేకపోతే, తప్పు పూర్తయ్యే వరకు చూస్తూ కూర్చోవాలి. లేదా కరెంటు తీసివేయాలి. కరెంటు తీసివేస్తే పట్టిక అసంపూర్ణంగా మిగిలి, ఏ వివరం సరైనదో తెలియని స్థితి ఏర్పడవచ్చు.

తెరపై మీటను గీసినంతమాత్రాన సమస్య తీరదు. 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టు, బ్రౌజరు పుటలో సాధారణంగా ఒక సమయంలో ఒకే పని చేస్తుంది. లూపు ఆగకుండా తిరుగుతున్నంతసేపు మీట నొక్కిన సంగతి వరుసలో వేచి ఉంటుంది. 50,000 పుస్తకాలూ పూర్తయ్యాకే ప్రోగ్రాం దానిని పట్టించుకుంటుంది. అప్పటికి ఆపడానికి ఏమీ మిగలదు.

దీనికి ఉపాయం పనిని విభజించడం. 100 పుస్తకాలకు ఒక విడత చొప్పున చేసి, ప్రతి విడత తరువాత సెట్ టైమౌట్ అనే సాధనంతో బ్రౌజరుకు కొంత అవకాశం ఇవ్వాలి. మీట నొక్కినప్పుడు 'ఆపాలి' అన్న గుర్తు మాత్రమే నమోదవుతుంది. తరువాతి విడతకు ముందు ప్రోగ్రాం ఆ గుర్తును చూసి ఆగుతుంది. విద్యానగర్ స్టేషను మీదుగా సాగే రైలులో అపాయపు గొలుసు లాగితే రైలు ఉన్నచోటనే నిలిచిపోదు. బ్రేకులు పడి, వేగం తగ్గి, కొంతదూరం సాగాక ఆగుతుంది. ఇదీ అంతే. అందువల్ల మీట నొక్కగానే 'ఆపుతున్నాము' అని తెరపై కనిపించాలి. లేకపోతే వాడుకరి అదే మీటను పదే పదే నొక్కుతాడు.

సర్వరు నుండి సమాధానం కోసం వేచి ఉన్నప్పుడు, 2017 నుండి బ్రౌజర్లలో ప్రవేశించిన అబార్ట్ కంట్రోలర్ అనే సాధనం ఉపకరిస్తుంది. అయితే అది మన నిరీక్షణను ఆపుతుందే గాని, సర్వరు అప్పటికే చేసిన పనిని వెనక్కు తిప్పదు. పరీక్ష రుసుము చెల్లించేటప్పుడు ఈ భేదం తెలియకపోతే, రద్దయిందనుకొని రెండవసారి చెల్లించే ప్రమాదముంది.

ఇక చేసిన పని సంగతి. పట్టికను పూర్వస్థితికి తేవాలా, పూర్తయిన భాగాన్ని నిలుపుకోవాలా అన్నది ముందే నిర్ణయించాలి. పూర్వస్థితికి తెచ్చేటట్లయితే మీటపై 'రద్దు' అని రాయవచ్చు. జరిగినదంతా అలాగే ఉండేటట్లయితే 'ఆపు' అని రాయడమే న్యాయం. ఆగిన తరువాత ఎన్ని పుస్తకాలు మారాయో, ఎన్ని మిగిలాయో స్పష్టంగా చెప్పాలి. అప్పుడే వాడుకరి ఆ మీటను నమ్మి, భయం లేకుండా పని ప్రారంభించగలుగుతాడు.