వ్యాయామానికి తోడు: మేలెంత? కీడెంత?

ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్లే రోజున డాక్టరు గారు చీటీ మీద మందులతో పాటు "రోజూ 30 నిమిషాలు నడక" అని కూడా వ్రాస్తారు. మందులు ఆ సాయంత్రమే కొంటారు. నడక మాత్రం మూడు రోజులు సాగి ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోయిందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "ఒక్కడినే పోబుద్ధి కాలేదు సార్."

ఇది సోమరితనం కాదు, మనిషి స్వభావం. అందుకే వ్యాయామానికి ఒక తోడు ఉండాలా, ఉంటే ఎవరు ఉండాలి, ఆ తోడు వల్ల నష్టం కూడా ఉంటుందా అనే విషయాలు రోగి కుటుంబ సభ్యులైన మీరు తెలుసుకోవాలి. షుగరు, బి.పి., గుండె జబ్బు ఉన్న పెద్దవారి నడకకైనా, ఇంట్లోని యువకుడు వెళ్లే జిమ్ముకైనా ఇదే లెక్క వర్తిస్తుంది.

ఎంత వ్యాయామం కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకం వ్యాయామం అవసరం. దీనితో పాటు వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి.

"మాకు పనే వ్యాయామం కదా" అని కొందరు అంటారు. ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో గంటల తరబడి కూర్చుని నేసేవారికి చేతులు, పాదాలు ఆడతాయి గానీ గుండెకు, ఊపిరితిత్తులకు చాలినంత కదలిక ఉండదు. పైగా నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. ఆదోని పత్తి మార్కెట్టులో అంగడి గద్దె మీద కూర్చుని లెక్కలు వ్రాసేవారి సంగతీ అంతే. అలాంటివారికి విడిగా నడక కావాలి.

తోడు వలన కలిగే మేలు

1. క్రమం తప్పదు. తెల్లవారి అయిదున్నరకు వాకిట్లో నిలబడి "అన్నా, లేసినావా?" అని ఒకరు పిలుస్తుంటే దుప్పటి కప్పుకుని పడుకోవడం కష్టం. మనకు మనం ఇచ్చుకున్న మాటను సులభంగా తప్పుతాము. ఎదుటివారికి ఇచ్చిన మాట తప్పడానికి సిగ్గుపడతాము.

2. శ్రమ పెరుగుతుంది. 1920లలో జర్మనీకి చెందిన ఓటో కోలర్ అనే శాస్త్రవేత్త బెర్లిన్‌లోని పడవ పోటీల క్రీడాకారులను గమనించాడు. ఒంటరిగా బరువు ఎత్తినప్పటి కంటే జోడీగా ఎత్తినప్పుడు, ఇద్దరిలో కొంచెం బలహీనుడైనవాడు ఎక్కువసేపు నిలబడ్డాడు. "నావల్ల అవతలివాడు ఆగిపోకూడదు" అనే పట్టుదలే దానికి కారణం. అయితే ఇద్దరి బలంలో తేడా ఒక మోస్తరుగా ఉన్నప్పుడే ఈ ఫలితం బాగా కనిపించింది.

3. శ్రమ ఎంత ఉందో తెలుస్తుంది. నడుస్తూ తోడుతో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే ఆ వేగం సరిపోయినట్లు. పాట కూడా పాడగలిగితే వేగం చాలలేదు. రెండు మాటలకే ఆయాసం వస్తుంటే వేగం ఎక్కువైంది, తగ్గించాలి. ఈ పరీక్షకు యంత్రం అక్కరలేదు, పక్కన మనిషి ఉంటే చాలు.

4. ఆపదలో రక్షణ. షుగరు పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కాలు జారినా వెంటనే చూసే మనిషి ఉంటాడు. జిమ్ములో వెల్లకిలా పడుకుని బరువు ఎత్తేటప్పుడు చేతులు సడలితే ఆ ఇనుప కడ్డీ నేరుగా మెడ మీదకు వస్తుంది. తల వెనుక ఒకరు నిలబడి పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటేనే ఆ వ్యాయామం చేయాలి.

5. మనసు తేలికపడుతుంది. గుండెపోటు వచ్చి తేరుకున్నవారిలో దిగులు తరచుగా కనిపిస్తుంది. రోజూ అరగంట మాట్లాడే మనిషి దొరకడం కూడా చికిత్సలో ఒక భాగమే.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ. ఆమె అక్కచెల్లెళ్లు కూడా బరువులెత్తడం నేర్చుకున్నవారే. తోడు కోసం దూరం వెళ్లనక్కరలేదు, చాలాసార్లు ఇంట్లోనే దొరుకుతుంది.

తోడు వలన కలిగే కీడు

1. జోడు కుదరకపోవడం. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో బండలాగుడు పోటీలు మీరు చూసే ఉంటారు. ఎంత బలమైన ఎద్దులైనా ఎత్తులో, నడకలో జోడు కుదరకపోతే కాడి ఒకదాని మెడను ఒరుస్తుంది. మనుషులకూ ఇంతే. మూడు నెలల క్రితం స్టెంటు వేయించుకున్న అరవై ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్ల మేనల్లుడి వేగాన్ని అందుకోవాలని చూస్తే గుండెకు అపాయం. మామ వేగానికి నడిస్తే అల్లుడికి చాలినంత వ్యాయామం ఉండదు.

2. పంతం. జిమ్ములో కొత్తగా చేరిన కుర్రవాడు ఏడాదిగా చేస్తున్న స్నేహితునితో సమానంగా బరువులు ఎత్తాలని చూస్తాడు. మొదటి రోజే మితిమీరితే కండరాలు దెబ్బతిని, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేయవచ్చు. ఒళ్లంతా విపరీతమైన నొప్పులు, వాపు, టీ డికాక్షన్ రంగులో మూత్రం కనిపిస్తే తైలం రుద్ది ఊరుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

3. గుంపులో బద్ధకం. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ తాడు లాగే ప్రయోగాల ఫలితాలను 1913లో ప్రకటించాడు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరు పెట్టిన బలం, ఒంటరిగా లాగినప్పటి బలంలో సుమారు సగానికి పడిపోయింది. మైదానంలో ఎనిమిది మంది గుంపుగా చేరితే నడక తగ్గి రాజకీయాలు పెరగడం మనకు తెలిసిందే. ఇద్దరు లేక ముగ్గురు చాలు.

4. నడక తరువాత హోటలు. ఇది మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో అందరికీ తెలిసిన ఆపద. నడక ముగియగానే తోటివారంతా వేడి వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దగ్గర ఆగుతారు. అరగంట నడకలో ఖర్చయ్యేది సుమారు 120 నుండి 150 కేలరీలు. ఒక ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు, చక్కెర టీ కలిస్తే దానికి రెండింతలు దాటుతుంది. షుగరు ఉన్నవారు "నడిచాము కదా" అని తినడం వల్లే కొందరికి నెలల తరబడి నడిచినా షుగరు తగ్గదు. నడక నేరుగా ఇంటి దగ్గర ముగియాలి.

5. తోడు పోతే నడక పోవడం. మన పల్లెల నుండి ప్రతి ఏటా ఎందరో సుగ్గికి, గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్తారు. తోడు నడిచే మనిషి వలస వెళ్లగానే రోగి నడక కూడా ఆగిపోతుంది. అందుకే రెండవ తోడును ముందే అనుకోవాలి. ఎవరూ లేని రోజున ఇంటి మిద్దె మీదనో, వీధిలోనో ఒంటరిగా నడవడం అలవాటు చేసుకోవాలి. గుండె జబ్బువారు ఒంటరిగా నడవవచ్చో లేదో డాక్టరును అడగాలి.

6. తప్పుడు సలహా. "నాకు ఈ మాత్ర పనిచేసింది, నీవూ వేసుకో" అనే మాట నడక స్నేహంలో చాలా మామూలు. ఒకరి బి.పి. మాత్ర మరొకరికి పనికిరాదు. జిమ్ములో ఈ ఆపద ఇంకా పెద్దది. త్వరగా కండలు రావాలని స్టెరాయిడ్ ఇంజక్షన్లు, అలసట తెలియకుండా మెఫెంటర్మిన్ ఇంజక్షన్లు తీసుకునేవారు ఉన్నారు. మెఫెంటర్మిన్ అనేది ఆపరేషను సమయంలో పడిపోయిన బి.పి.ని పెంచడానికి డాక్టర్లు వాడే మందు. దానిని బయట వాడితే గుండె లయ తప్పవచ్చు, దానికి అలవాటు పడవచ్చు. ఒకే సూదిని ఇద్దరు వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. సోకవచ్చు. స్టెరాయిడ్లు కాలేయానికి, గుండెకు, సంతానశక్తికి హాని చేస్తాయి. మీ అబ్బాయి ఏ జిమ్ముకు వెళ్తున్నాడో మాత్రమే కాదు, ఎవరితో వెళ్తున్నాడో కూడా కనుక్కోండి. కోపంతో కాదు, కూర్చోబెట్టి అడగండి.

జిమ్ము అంటేనే భయపడాలా?

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో మరణించారు. కర్ణాటక సరిహద్దులో ఉన్న మన ఊళ్లలో కూడా ఎందరో ఆయన కోసం కన్నీరు పెట్టారు. ఆ వార్త విని వ్యాయామమే ప్రాణం తీస్తుందని అనుకోవడం పొరపాటు. వ్యాయామం లేకపోవడం వల్లే గుండె జబ్బులు పెరుగుతాయి. అయితే బయటికి కనిపించని జబ్బు లోపల ఉండవచ్చు. 40 ఏళ్లు దాటినవారు, పొగ త్రాగేవారు, షుగరు, బి.పి. ఉన్నవారు, రక్తసంబంధీకులలో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు కఠినమైన వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. వ్యాయామం చేస్తుండగా ఛాతీలో బిగువు వస్తే "గ్యాస్‌లే" అని తోడు వచ్చినవాడు నచ్చజెప్పకూడదు. ఆపి, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తోడుగా వెళ్లేవారు తెలుసుకోవలసినవి

• రోగికి ఉన్న జబ్బు, వాడే మందులు, ఇంటివారి ఫోను నంబరు తెలిసి ఉండాలి.

• ఇన్సులిన్ లేక షుగరును బాగా తగ్గించే మాత్రలు వాడేవారు నడకకు ముందు షుగరు చూసుకోవడం మంచిది. 100 కంటే తక్కువ ఉంటే కొంచెం తిని బయలుదేరాలి. 300 దాటినా, లేక 250 దాటి వాంతులు, అతిదాహం, నీరసం ఉన్నా ఆ రోజు నడక మాని డాక్టరును అడగాలి.

• జేబులో చక్కెర పొట్లం ఉండాలి. చెమటలు, వణుకు, తడబాటు, అర్థం లేని కోపం కనిపిస్తే షుగరు పడిపోయిందని అనుమానించి, మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించాలి. 15 నిమిషాలలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

• షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు. ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోవాలి. తమకు వంగి చూసుకోవడం కష్టమైతే ఇంటివారు చూడాలి.

• ఏప్రిల్, మే నెలలలో మన ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సూర్యోదయానికి ముందో, ఎండ బాగా తగ్గాకనో నడవాలి. నీళ్లు వెంట ఉండాలి.

• ఛాతీనొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, విపరీతమైన ఆయాసం కనిపిస్తే కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోను చేయాలి. మనిషి కుప్పకూలి, పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేవరకు ఆపకూడదు.

ఎవరిని తోడుగా ఎంచుకోవాలి?

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. తండ్రికి 58 ఏళ్లు, షుగరు. తల్లికి మోకాళ్ల నొప్పులు, బి.పి. కొడుకు జిమ్ముకు వెళ్తాడు. కోడలు ఇంటిపని చూసుకుంటుంది. కొడుకు తండ్రిని జిమ్ముకు తీసుకుపోవడం కంటే, తండ్రిని తన ఈడు మనిషితో మైదానంలో నడవనివ్వడం మేలు. తల్లి, కోడలు కలిసి సాయంత్రం వీధిలో నడిస్తే ఇద్దరికీ ఆరోగ్యం. చీకటిలో ఆడవారు ఒంటరిగా నడవవలసిన భయం కూడా ఉండదు. కొడుకు వారానికి ఒక్కరోజైనా తండ్రి వెంట నడవాలి. తండ్రి ఎక్కడ ఆగుతున్నాడో, ఎప్పుడు ఆయాసపడుతున్నాడో ఆ ఒక్కరోజులో తెలిసిపోతుంది. డాక్టరు గది ముందు చెప్పవలసిన మాట అదే.

మంచి తోడు మిమ్మల్ని తొందరపెట్టడు, వెనక్కి లాగడు. "ఈ రోజు నాకు బాగాలేదు" అని సిగ్గుపడకుండా చెప్పగలిగే మనిషే సరైన తోడు. అలా చెప్పలేని చోట, ఎంత స్నేహం ఉన్నా, వ్యాయామానికి వేరే మనిషిని చూసుకోండి.

గుర్తుంచుకోండి

తోడు ఉంటే నడక నిలుస్తుంది. జోడు కుదిరితేనే ఆ నడక మేలు చేస్తుంది. తోడు రాని రోజున కూడా నడక ఆగకూడదు. ఈసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు రోగితో పాటు ఆయనతో నడిచే మనిషిని కూడా తీసుకురండి. ఎంత దూరం, ఎంత వేగం అనేది డాక్టరు గారు ఇద్దరికీ కలిపి చెప్తారు.