అరకు ఘాట్‌పై ఆలుమగలు

విశాఖపట్నం నుంచి అరకు లోయకు రోడ్డు మార్గం సుమారు 115 కిలోమీటర్లు. అందులో దాదాపు సగం, శృంగవరపుకోట దాకా, చదును నేలే. అందరూ ఎస్.కోట అనే ఆ ఊరు దాటి బొడ్డవర వైపు సాగేసరికి తూర్పు కనుమలు దారికి అడ్డంగా నిలబడతాయి. అక్కడి నుంచి రోడ్డు ట్యాడ, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్టల మీదుగా వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి, 911 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోకి దిగుతుంది. కారుకు రెండు గంటలు పట్టని ఈ ఘాట్ సైకిలుకు ఒక పగటి పని. ఇద్దరు కలిసి ఎక్కేటప్పుడు, అందులోనూ భార్యాభర్తలు ఎక్కేటప్పుడు, ఆ పగలు ఎలా గడుస్తుందన్నది కాళ్ల బలం కంటే ఎక్కువగా ముందురోజు వేసుకున్న లెక్క మీద ఆధారపడుతుంది. ఎవరి సైకిలుకు ఏ గేరు, ఎవరి బ్యాగులో ఎంత బరువు, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నవి ఇంటి దగ్గరే తేలితే కొండ మీద పేచీ ఉండదు.

కాలం ఎంచుకోవడం మొదటి పని. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఘాట్ పచ్చగా ఉంటుంది గానీ రోడ్డు జారుతుంది, కొండచరియలు విరిగిపడే భయమూ ఉంది. అక్టోబరులో వానలు తగ్గినా తుపాన్ల బెడద పోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. నవంబరులో అరకు చుట్టుపక్కల వలిస పూలు విరగబూసి చేలకు చేలు పసుపెక్కుతాయి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచు దట్టంగా దిగుతుంది కాబట్టి సైకిలు వెనక ఎర్ర లైటు తప్పనిసరి. శని, ఆదివారాల్లో పర్యాటకుల కార్లు ఘాట్‌ను నింపేస్తాయి. సెలవు పెట్టుకోగలిగిన జంటకు మంగళ, బుధవారాలు మేలు.

చాలామంది విశాఖలో బయల్దేరరు. సైకిళ్లను ఎస్.కోట దాకా ఏదో ఒక బండి మీద తెచ్చుకుని, తెల్లవారుతూనే అక్కడ ఇడ్లీ తిని కదులుతారు. ఇది తెలివైన పద్ధతి. చదును నేల మీద 55 కిలోమీటర్లు తొక్కి, పది గంటల ఎండలో ఘాట్ మొదలుపెట్టడం ఎంత బలవంతులకైనా తగదు. టీ కొట్టు దగ్గర "ఏటమ్మా, అరకు దాకా సైకిలు మీదే ఎల్తారేటి?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ అడగడంలో ఆశ్చర్యంతో పాటు ఆప్యాయత కూడా ఉంటుంది. సీసాలు నిండా నీళ్లు పట్టి ఇచ్చేదీ వాళ్లే.

చదును నేల మీద ఇద్దరిలో ఒకరు రెండోవారికి నిజంగా సాయపడవచ్చు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు శ్రమలో పెద్ద భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ముందువారి వెనక చక్రానికి దగ్గరగా వెళ్లేవారికి ఆ శ్రమలో నాలుగో వంతు దాకా తగ్గుతుంది. ఘాట్ మొదలయ్యాక ఈ సాయం చెల్లదు. గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంలో గాలి లెక్కలోకి రాదు, బరువు ఒక్కటే లెక్క. ఎవరి బరువు వాళ్లే మోసుకుపోవాలి.

ఆ బరువు లెక్కను ఒక ఉదాహరణతో చూడవచ్చు. జంటలో ఒకరు 70 కిలోలు, ఇంకొకరు 52 కిలోలు అనుకుందాం. ఇద్దరికీ 12 కిలోల సైకిలు, 8 కిలోల సామాను. అంటే ఒకరు 90 కిలోలను, మరొకరు 72 కిలోలను కొండెక్కించాలి. మొదటివారు గంటల తరబడి 120 వాట్లు, రెండోవారు 80 వాట్లు నిలకడగా ఇవ్వగలరనుకుంటే, రోడ్డు రాపిడిని పక్కన పెట్టి, వెయ్యి మీటర్లు ఎక్కడానికి మొదటివారికి రెండు గంటల మూడు నిమిషాలు, రెండోవారికి రెండు గంటల 27 నిమిషాలు పడుతుంది. ఈ 24 నిమిషాలే జంటల మధ్య చిరాకు పెట్టేవి. ముందు చేరినవారు మలుపు దగ్గర చెమట ఆరి చలికి వణుకుతూ నిలబడతారు. వెనకవారు వచ్చీ రాగానే, ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా, మళ్లీ కదలాల్సి వస్తుంది. ఎక్కువ విశ్రాంతి దొరికేది బలమైనవారికి, దొరకనిది అలిసినవారికి.

అదే జంట సామానులో ఆరు కిలోలను ఒక సైకిలు నుంచి రెండోదానికి మారిస్తే లెక్క మారిపోతుంది. 96 కిలోలతో మొదటివారికి రెండు గంటల 11 నిమిషాలు, 66 కిలోలతో రెండోవారికి రెండు గంటల 15 నిమిషాలు. తేడా నాలుగు నిమిషాలకు దిగుతుంది. ఎవరూ తమ శక్తికి మించి తొక్కలేదు, ఎవరూ కావాలని నెమ్మదించలేదు. పంపు, పానాలు, విడి ట్యూబులు, రెండు జతల బట్టలు, నీళ్లలో ఎక్కువ భాగం బలమైనవారి బండి మీదికి చేరాయి, అంతే. చాలా ఇళ్లలో ఆ బలమైనవారు భర్తే అనుకోవడం అలవాటు. రోజూ సాధన చేసే భార్య, ఆఫీసు కుర్చీలో కూర్చునే భర్త ఉన్న ఇళ్లలో బ్యాగు అటు నుంచి ఇటు మారుతుంది. లెక్క ఇద్దరికీ ఒకటే.

తరవాతది గేరు. కొండదారులకు భారతీయ రోడ్డు ప్రమాణాలు మామూలు వాలును నూరు మీటర్లకు ఐదారు మీటర్ల దగ్గర కట్టేస్తాయి, లారీలూ బస్సులూ ఎక్కాలి కాబట్టి. ఆ వాలు సైకిలుకు కష్టమే గానీ అసాధ్యం కాదు. ముందు పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద పళ్లచక్రానికీ 34 పళ్లు ఉన్న గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. గేర్లు లేని మామూలు సైకిలు ఒక చుట్టుకు ఐదు మీటర్లు దాటుతుంది. ఘాట్‌లో దాన్ని తొక్కాలంటే సీటు మీంచి లేచి, పెడళ్ల మీద నిలబడి, ప్రతి చుట్టులోనూ మోకాళ్లను నలగ్గొట్టుకోవాలి. ఇద్దరిలో తక్కువ బలం ఉన్నవారికి ఇంకా తేలికైన గేరు ఉండాలి. దుకాణాల్లో ఇద్దరికీ ఒకే రకం సైకిలు కొనడం ముచ్చటగానే ఉంటుంది, కొండ మీద మాత్రం అది పొరపాటు కొనుగోలు.

తేలిక గేర్ల కోసం పోరాడిన వాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్సులోని సేంతెతియెన్‌కు చెందిన పాల్ ద వివీ. 1853లో పుట్టి 1930లో మరణించిన ఈయన 'వెలోసియో' అనే కలం పేరుతో 'ల సైక్లిస్త్' పత్రిక నడిపాడు. వయసు మళ్లినవారూ స్త్రీలూ కూడా కొండలెక్కాలంటే గేర్లు మారే సైకిలు కావాలని ఏళ్ల తరబడి వాదించాడు. పోటీ సైక్లింగ్ పెద్దలకు ఈ మాట రుచించలేదు. గేర్లు మార్చుకోవడం చేతగానివాళ్ల పని అన్నది టూర్ ద ఫ్రాన్స్ స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్ అభిప్రాయం. ఆ పోటీలో డిరేలర్ గేర్లకు అనుమతి దొరికింది 1937లోనే. ఇవాళ ఆ పోటీలోని మేటి ఆటగాళ్లు సైతం కొండ దగ్గర తేలిక గేరుకే దిగుతారు. వెలోసియోదే పైచేయి అయింది. ఆకలి కాకముందే తినాలి, దాహం కాకముందే తాగాలి అన్న ఆయన సూత్రాన్ని కూడా యాత్రికులు నేటికీ పాటిస్తారు.

దంపతుల సైకిలు యాత్రలకు అంతకు ముందు నుంచే చరిత్ర ఉంది. అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ రాబిన్స్ పెన్నెల్, చిత్రకారుడైన ఆమె భర్త జోసెఫ్ 1880ల్లో ఇద్దరూ కలిసి తొక్కే మూడు చక్రాల బండి మీద ఇంగ్లండులో, ఇటలీలో తిరిగారు. తరవాత చెరో సైకిలు మీద ఆల్ప్స్ కనుమలు దాటారు. ఆమె రాసి, ఆయన బొమ్మలు వేసిన ఆ యాత్ర పుస్తకం 1898లో వచ్చింది. మరో అమెరికన్ జంట ఫానీ బుల్లక్ వర్క్‌మన్, విలియం హంటర్ వర్క్‌మన్ భారతదేశాన్నే సైకిలు మీద చుట్టారు. 1904లో వచ్చిన వాళ్ల పుస్తకం పేరులోనే 14,000 మైళ్ల ప్రయాణమని ఉంది. తరవాత హిమాలయ యాత్రల్లో వాళ్లు పాటించిన ఒక ఏర్పాటు ఇప్పటి జంటలకూ పనికొస్తుంది: ఒక ఏడాది ఒకరు ప్రయాణ ఏర్పాట్లన్నీ చూస్తే, మరో ఏడాది ఆ బాధ్యత రెండోవారికి. నడిపించేవారు, నడిచేవారు అన్న విభజన శాశ్వతంగా ఒకరి మీదే పడకుండా చూసుకున్నారు.

ఇద్దరూ ఒకే సైకిలు మీద కూర్చునే టాండెమ్‌తో ఎవరూ వెనకబడరు, నిజమే. ఎక్కుడులో దాని నడక భారం. ఇద్దరి తొక్కుడూ ఒకే లయలో పడాలి, నెమ్మదిలో తూకం నిలవడం కష్టం. దిగేటప్పుడు ఇద్దరి బరువూ ఒకే జత బ్రేకుల మీద పడుతుంది. కొత్తవాళ్లు అరకు ఘాట్‌లో దాన్ని మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఘాట్‌లో పడ్డాక వేగానికి మీటరు అక్కర్లేదు. పక్కనున్నవారితో ఒక పూర్తి వాక్యం ఊపిరి తెగకుండా మాట్లాడగలిగితే ఆ వేగం గంటల తరబడి నిలుస్తుంది. మాట మధ్యలో తెగిపోతుంటే అప్పటికే ఎక్కువ తొక్కుతున్నట్టు. రోడ్డు ఖాళీగా ఉన్నా ఇద్దరూ పక్కపక్కన కాకుండా ఒకరి వెనక ఒకరు పోవాలి. నెమ్మదిగా ఎక్కేవారు ముందుంటే వేగం వాళ్లే నిర్ణయిస్తారు, ఎవరూ తరిమినట్టు ఉండదు.

మలుపు దగ్గర మెలకువ వేరు. మన దేశంలో ఎడమ పక్కన నడవాలి కాబట్టి, ఎడమకు తిరిగే మెలికలో సైకిలు లోపలి అంచున పడుతుంది. లోపలి అంచు పొట్టిది, అదే ఎత్తును తక్కువ దూరంలో ఎక్కాలి కనక వాలు హఠాత్తుగా నిటారవుతుంది. కుడికి తిరిగే మెలికలో సైకిలు బయటి అంచున, మెత్తని వాలు మీద పోతుంది. అందుకని ఎడమ మెలిక కనబడగానే, ఇంకా పట్టు ఉండగానే, ఒక గేరు తగ్గించాలి. మలుపులోకి వెళ్లాక బలంగా నొక్కుతూ గేరు మారిస్తే గొలుసు జారి, కాలు నేల మీద పడుతుంది. పై నుంచి వచ్చే బస్సు మలుపంతా ఆక్రమిస్తూ తిరుగుతుంది; ఎక్కేవారికి దారి ఇవ్వాలన్నది కొండదారి నియమమే అయినా, హారన్ వినబడితే అంచున ఆగడంలో నామోషీ లేదు. దిగి తోసుకుంటూ నడిచినా అంతే. గంటకు నాలుగైదు కిలోమీటర్ల కంటే నెమ్మదిగా తొక్కడం కన్నా నడక తేలిక.

ట్యాడ దాటాక అడవి చిక్కబడుతుంది, గాలి చల్లబడుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుందన్న సూత్రం ఇక్కడ ఒంటికి తెలుస్తుంది. అనంతగిరి ప్రాంతం నుంచి కాఫీ తోటలు మొదలవుతాయి. పైన నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి బోదెలకు చుట్టుకుని మిరియాల తీగలు, కింద నీడలో అరబికా కాఫీ మొక్కలు. నవంబరు, డిసెంబరుల్లో కొమ్మల కణుపుల దగ్గర ఆకుపచ్చ కాయలూ ఎర్రటి పళ్లూ కలిసి గుత్తులు కడతాయి. పండినవాటిని మాత్రమే ఒక్కొక్కటిగా చేత్తో కోస్తారు. కారు అద్దంలోంచి ఇది ఒక పచ్చటి గీత. సైకిలు వేగంలో కోసే చేతులు, నడుముకు కట్టుకున్న సంచి, కింద రాలిన ఆకుల మీద పడ్డ పండు కూడా కనబడతాయి. గిరిజన రైతులు పండించే ఈ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

తిండి విషయంలో ఆ దారి ఆశ పెడుతుంది. బొంగులో చికెన్ కాలుతున్న వాసన ఘాట్ మధ్యలోనే ముక్కును తాకుతుంది. మాంసం, నూనె అరగడానికి సమయం పడుతుంది కాబట్టి దాన్ని అరకు చేరేదాకా వాయిదా వేయాలి. 80 కిలోల మొత్తం బరువును వెయ్యి మీటర్లు ఎక్కించడానికి, శరీరం తన శక్తిలో పావు వంతునే పెడలుకు చేరుస్తుంది కాబట్టి, 750 కేలరీల దాకా ఖర్చవుతుంది. అరటిపండ్లు, పల్లీ చిక్కీ, ఉడికించిన మొక్కజొన్న, ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి ఆ ఖర్చును తేలిగ్గా పూడుస్తాయి. అరగంటకోసారి కొద్దికొద్దిగా తినాలి. ఇద్దరిలో ఒకరు ముభావంగా మారితే అలక అనుకునేకంటే ముందు ఆకలేమో చూడాలి. చాలాసార్లు ఒక అరటిపండుతో మాట తిరిగొస్తుంది.

బొర్రా గుహలకు మళ్లాలా వద్దా అన్నది మధ్యలో వచ్చే పెద్ద ప్రశ్న. గుహలు సుమారు 700 మీటర్ల ఎత్తున, ఘాట్ రోడ్డు కంటే బాగా కిందున్నాయి. దిగినదంతా మళ్లీ ఎక్కాలి. సున్నపురాతిని గోస్తనీ నీరు తొలిచి చేసిన ఆ గుహలు చూడదగినవే గానీ, ఎక్కే రోజున కాదు. అరకులో రాత్రి ఆగి, మర్నాడు బస్సులో రావడం సుఖం.

గాలికొండ దగ్గర ఎక్కుడు ముగుస్తుంది. అక్కడ చెమటతో తడిసిన చొక్కా మీద గాలి ఆపే కోటు తొడగాలి, పది నిమిషాలు కూర్చోవాలి. దిగుడులో ఇద్దరి వరుస తారుమారవుతుంది: బరువైనవారు తమంతట తామే వేగం పుంజుకుంటారు కాబట్టి వాళ్లు ముందు పోవాలి, మధ్య కనీసం యాభై మీటర్ల ఎడం ఉండాలి. బ్రేకులను అదే పనిగా పట్టి ఉంచితే రిమ్ములు కాలిపోతాయి. మలుపుకు ముందు గట్టిగా పట్టి, వేగం తగ్గాక వదలాలి. సుంకరమెట్ట మీదుగా లోయలోకి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

తిరుగు ప్రయాణానికి రెండు దారులు. ఒకటి రైలు. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండోల్ లైను 58 సొరంగాల గుండా ఈ కొండల్లోనే పోతుంది. 996 మీటర్ల ఎత్తునున్న శిమిలిగుడ చాలాకాలం దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరు మోసింది. సైకిళ్లను లగేజీగా బుక్ చేయాలంటే రైలు వేళకు బాగా ముందే అరకు స్టేషనుకు వెళ్లాలి. రెండోది అదే ఘాట్‌లో వెనక్కి తొక్కడం. అరకు నుంచి గాలికొండ దాకా మళ్లీ ఎక్కాకే అసలు దిగుడు మొదలవుతుంది కాబట్టి దానికీ పొద్దున్నే కదలాలి, బ్రేకు రబ్బర్ల అరుగుదల ముందురోజు రాత్రే చూసుకోవాలి.