'ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా!'

"తొమ్మిది పాయింట్ ఎనిమిదంటే మంచిదా, చెడ్డదా?" అని అడిగారు మా ఎండీగారు.

మందులు టోకుగా పంపిణీ చేసే సంస్థలో కంప్యూటర్ల భద్రత చూడడం నా ఉద్యోగం. దొంగలు దూరడానికి వీలున్న లోపాలన్నీ వెతికి, నలభై పేజీల రిపోర్టు పట్టుకెళ్లాను. లోపం తీవ్రతకు సున్నా నుంచి పది దాకా మార్కులుంటాయి. మార్కులు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. ఆ సంగతైనా ముందు చెప్పలేదు నేను! బిల్లింగ్ సర్వర్‌లోని లోపానికి 9.8. శనివారం రాత్రి నాలుగు గంటలు ఆపితే సరిచేస్తానన్నాను.

"ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా? నెలాఖరు అమ్మకాలు కానివ్వమ్మా" అన్నారు. మూడు నెలలు ఇదే జవాబు. మగవాళ్లెవరైనా చెబితే వినేవారేమోనని ఉక్రోషం కూడా వచ్చింది.

ఓ ఆదివారం ఇంట్లో గ్యాసు ట్యూబు మారుద్దామంటే మా అత్తగారు "వాసన రావడం లేదుగా, ఇప్పుడెందుకు దండగ?" అన్నారు. ఐదేళ్లు దాటిందంటే వినలేదు. "లీకైతే తెల్లారగట్ల పాలు పెట్టేది మీరే కదా అత్తయ్యా" అన్నాను. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అని బీరువా తీశారు. మీరే చెప్పండి, ఆవిడ ప్రశ్నకీ ఎండీగారి ప్రశ్నకీ తేడా ఉందా? ఆయనకు లోపం పేరు చెప్పానే గానీ, దానివల్ల ఏం ఆగిపోతుందో చెప్పలేదు.

ఈసారి ఒక్కటే పేజీ. గ్యాసు ట్యూబు కథ చెప్పలేదు లెండి, వ్యాపారస్థుడికి ఆయన వ్యాపారం సంగతే చెప్పాలి. అకౌంటెంటుగారి పక్కన కూర్చుని రోజుకెన్ని బిల్లులో, ఎంత సరుకు కదులుతుందో రాసుకున్నాను. సర్వర్ పోతే బ్యాకప్ నుంచి మళ్లీ నిలబెట్టడానికి ఎంతసేపో చేసి చూశాను. మూడు రోజులు! ఒక్కరోజు చాలనుకుంటూ వచ్చాను ఇంతకాలం.

2017 సంగతీ చెప్పాను. విండోస్‌లో ఒక లోపానికి మందు, అంటే ప్యాచ్, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. మే 12న వనాక్రై విరుచుకుపడే నాటికి చాలామంది అది వేసుకోనేలేదు. ఫైళ్లకు తాళం పడింది. డబ్బు కడితేనే తీస్తామన్నారు. ఇంగ్లండ్ ప్రభుత్వాసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, అంబులెన్సులను దారి మళ్లించారు. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. వాళ్లకు రెండు నెలల వ్యవధి దొరికింది. మేం అప్పటికే మూడు నెలలు పోగొట్టుకున్నాం. పైగా ఇలాంటి దాడి జరిగితే ఆరు గంటల్లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నుంచి నిబంధన. గుట్టుగా సర్దుకుందామంటే కుదరదు.

"తప్పకుండా జరుగుతుందంటావా?"

"చెప్పలేనండీ" అన్నాను. ఇదివరకు రెండుసార్లు గట్టిగా భయపెట్టి, ఏమీ జరక్కపోయేసరికి నా మాటకు విలువ తగ్గింది. "ఆ లోపంలోంచి చొరబడే పద్ధతి ఇప్పటికే బయట దొరుకుతోంది. జరిగితే మూడు రోజుల అమ్మకాలు పోతాయి. సరిచేస్తే పోయేది నాలుగు గంటలు. వద్దంటారా, తెలిసే వద్దన్నానని ఇక్కడ సంతకం చెయ్యండి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితం చివరిదాకా చదివారు. సంతకం మాత్రం పెట్టలేదు. "ఈ శనివారం కానిచ్చెయ్" అన్నారు.

ఆ రాత్రి పని ముగిసేసరికి రెండున్నరైంది. మావారు కింద స్కూటర్ మీద కునికిపాట్లు పడుతున్నారు.

సోమవారం ఎండీగారు "ఏమైందమ్మా?" అనడిగారు.

"ఏమీ కాలేదండీ" అన్నాను. గోదాములోని పాత కంప్యూటర్ గురించి ఇంకో కాగితం అప్పటికే నా చేతిలో ఉంది.