అంకెతో కాపురం

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అన్న మాట తెలియని తెలుగిల్లు ఇప్పుడు లేదు. కౌంట్ లక్ష కిందికి దిగిందంటే చాలు... ఇంటిల్లిపాదికీ కంటి మీద కునుకుండదు. ఒకరు బ్లడ్‌బ్యాంకుకి పరుగెడితే మరొకరు బొప్పాయి ఆకుల కోసం వీధులన్నీ తిరుగుతారు. చాలామందికి వారం, పది రోజుల్లో జ్వరం తగ్గుతుంది, కౌంట్ పెరుగుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

మరి, జ్వరమే లేకుండా కౌంట్ ఇరవై వేలకు పడిపోతే? వారం కాదు, ఏళ్ల తరబడి అది అక్కడక్కడే తచ్చాడుతుంటే? అలాంటి అంకెతోనే వంట చేసుకుని, బస్సెక్కి ఆఫీసుకెళ్లి, పరీక్షలు రాసి, పిల్లల్ని కని పెంచుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకున్న సమస్య పేరు ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా. పొట్టిగా చెప్పాలంటే ఐటీపీ.

కంచే చేను మేస్తే...

ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉండాలి. ఎముక మజ్జలో తయారయ్యే ఈ కణాల ఆయుష్షు వారం, పది రోజులు. రక్తనాళం ఎక్కడ తెగినా అక్కడికి చేరి అడ్డుకట్ట వేయడం వీటి పని. ఐటీపీలో ఏమవుతుందంటే, క్రిముల మీద దాడి చేయాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత ప్లేట్‌లెట్ల మీదే యాంటీబాడీలను ప్రయోగిస్తుంది. అలా ముద్ర పడిన కణాలను ప్లీహం ఏరి ఏరి మింగేస్తుంది. కొత్తవాటి తయారీ కూడా మందగిస్తుంది. కంచే చేను మేయడమంటే ఇదే!

ఈ సంగతి తేలడం వెనక ఓ సాహసం ఉంది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు ఐటీపీ ఉన్న ఓ రోగి రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. కొద్ది గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు అట్టడుగుకు పడిపోయాయి. ఫిట్స్ కూడా వచ్చింది. కొన్ని రోజులకు కోలుకున్నాడు. ప్లేట్‌లెట్లను నాశనం చేసేదేదో రక్తంలోనే ఉందని అలా ప్రపంచానికి తెలిసింది.

ఎవరు కొట్టారమ్మా?

మంచం కోడు తగిలినా మోకాలి దగ్గర అరచేతి మందాన కమిలిపోతుంది. కాళ్ల మీద సూదిమొనంత ఎర్రటి చుక్కలు లేస్తాయి. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం, ఉన్నట్టుండి ముక్కు నుంచి రక్తం. ఆడవాళ్లలో నెలసరి రోజుల తరబడి ఆగదు. చాలామందిలో జబ్బు బయటపడేది ఇలాగే. కొందరికైతే ఏ బాధా ఉండదు. వేరే పని మీద చేయించుకున్న రక్తపరీక్షలో తెలుస్తుంది.

అసలు కష్టం ఆ మచ్చలతో మొదలవుతుంది. కొత్తకోడలి చేతి మీద కమిలిన గుర్తు చూసి పుట్టింటివాళ్లు 'ఎవరు కొట్టారమ్మా?' అని కంగారుపడతారు. పిల్లాడి వీపు చూసి టీచరు తల్లిని నిలదీస్తుంది. ఇదేమైనా అంటుకుంటుందా అని చుట్టాలు దూరం జరుగుతారు. ఐటీపీ అంటువ్యాధి కాదు. సాధారణంగా వంశపారంపర్యంగానూ రాదు. ఆ ఒక్క మాట పదిమందికీ చెప్పీ చెప్పీ అలసిపోతుంటారు వీళ్లు. ఆ పైన ఒంట్లో నిస్సత్తువ. చూడ్డానికి బాగానే ఉంటారు కాబట్టి 'బద్ధకం' అనేస్తారంతా. నిజానికి ఆ నీరసమూ ఈ జబ్బులో భాగమే.

ఒక్క పరీక్షతో తేలదు

ఫలానా పరీక్ష చేస్తే ఐటీపీ అని తేలిపోతుందనుకుంటే పొరపాటు. కౌంట్ లక్ష కన్నా తగ్గి, మిగతా రక్తకణాలన్నీ సక్రమంగా ఉండి, వేరే ఏ కారణమూ దొరక్కపోతేనే ఈ పేరు పెడతారు. అందుకే హెచ్ఐవీ, హెపటైటిస్-సి, లూపస్ లాంటివి లేవని చూసుకుంటారు. వాడుతున్న మందుల గురించి ఆరా తీస్తారు. ఒక్కోసారి పరీక్ష సీసాలోని రసాయనం వల్ల ప్లేట్‌లెట్లు ముద్దకట్టి మెషీన్ లెక్కకు అందవు. అప్పుడు రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తే నిజం తెలుస్తుంది.

పిల్లల్లో ఇది చాలావరకు ఏదో వైరల్ జ్వరం తర్వాత వస్తుంది. ఎక్కువమందికి ఆరు నెలలు, ఏడాదిలో తనంతట తానే తగ్గిపోతుంది. పెద్దవాళ్లలో మాత్రం తరచూ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఏడాది దాటితే దాన్ని దీర్ఘకాలిక ఐటీపీ అంటారు.

అంకెకు కాదు, మనిషికి వైద్యం

రిపోర్టులో పాతిక వేలని కనబడగానే గుండె ఆగినంత పనవుతుంది. కానీ డాక్టర్లు ముందు అడిగే ప్రశ్న 'కౌంట్ ఎంత?' అని కాదు, 'రక్తం ఎక్కడైనా కారుతోందా?' అని. పెద్దవాళ్లలో ముప్ఫై వేల పైన ఉండి రక్తస్రావం లేకపోతే సాధారణంగా మందులు లేకుండా గమనిస్తూ ఉంటారు. మామూలు జలుబు చేసినా కౌంట్ కిందికీ పైకీ ఊగుతుంది. రోజు విడిచి రోజు పరీక్ష చేయించుకుంటే ఒరిగేది బెంగే! పక్కవాళ్ల ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే సరిపోదా అంటే, వాటికీ అదే గతి పడుతుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడే ఆ పని చేస్తారు. ఇక ఆకు పసర్లను నమ్ముకుని మందులు మానేయడం కొరివితో తల గోక్కోవడమే.

మందు అవసరమైతే మొదట ఇచ్చేది స్టెరాయిడ్లు. కౌంట్ త్వరగానే లేస్తుంది. దాంతోపాటే మొహం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, నిద్ర పోతుంది, కొందరికి షుగరూ వస్తుంది. 'ఒళ్లు చేశావే!' అని అందరూ అంటుంటే నవ్వి ఊరుకోవాలి. విసుగొచ్చి హఠాత్తుగా ఆపేస్తే మాత్రం ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాల్సిందే. ఎక్కువకాలం వాడకూడదన్నదే ఇప్పటి వైద్యుల మాట.

ప్లీహాన్ని తొలగించే ఆపరేషన్ 1916 నుంచీ ఉంది. ప్రేగ్‌లో పాల్ కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి ఇచ్చిన సలహా అది. దానికి ముందే న్యుమోనియా, మెనింజైటిస్ టీకాలు వేయించుకోవాలి. 2008లో ప్లేట్‌లెట్ల తయారీని పెంచే రోమిప్లోస్టిమ్ ఇంజెక్షన్, ఎల్‌ట్రాంబోపాగ్ మాత్ర అమెరికాలో అనుమతి పొందాక చాలామందికి ఆపరేషన్ తప్పుతోంది. ఈ మాత్రతో ఓ చిక్కుంది. పాలు, పెరుగు దీన్ని ఒంటికి పట్టనివ్వవు. తిన్నాక నాలుగు గంటలు ఆగి వేసుకోవాలి, లేదా వేసుకున్న రెండు గంటల తర్వాత తినాలి. పెరుగన్నం లేనిదే భోజనం ముగియని ఇళ్లలో ఇదే పెద్ద లెక్క!

ఇంట్లో, వీధిలో...

వేపపుల్ల బదులు మెత్తటి బ్రష్. బ్లేడు బదులు ఎలక్ట్రిక్ షేవర్. కత్తిపీట దగ్గర ఒకింత నిదానం. బండెక్కితే హెల్మెట్. మలబద్ధకం లేకుండా నీళ్లు, కూరగాయలు. కౌంట్ బాగా తక్కువగా ఉన్నప్పుడు పిల్లలకు కబడ్డీ వద్దుగానీ నడక, పరుగు మాన్పించక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. జ్వరానికైనా ఒళ్లు నొప్పులకైనా డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్. జ్వరమొస్తే సూది వేయించుకునే అలవాటున్న ఊళ్లలో ఈ మాట మరీ గుర్తుండాలి. కండలోకి గుచ్చే ఇంజెక్షన్ పెద్ద గడ్డ కట్టించగలదు. పన్ను పీకించుకోవాలన్నా ముందు జబ్బు సంగతి చెప్పాలి.

పెళ్లి, పిల్లల దగ్గర భయాలెక్కువ. సంబంధం చెడుతుందని దాచిపెట్టే తల్లిదండ్రులున్నారు. దాచిన జబ్బు కాన్పు వేళ బయటపడితే అసలు ముప్పు. రక్తవ్యాధుల నిపుణులు, గైనకాలజిస్టు కలిసి చూసుకుంటే ఐటీపీ ఉన్నవాళ్లూ తల్లులు కావొచ్చు. ఐటీపీ ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు. పుట్టిన బిడ్డకూ కొన్నాళ్లు కౌంట్ చూస్తారు, అంతే.

ఆగకూడని వేళలు కొన్ని ఉన్నాయి. తలకు దెబ్బ తగిలినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, నోట్లో నెత్తుటి పొక్కులు లేచినా, మలం నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం పడినా... కౌంట్ రిపోర్టు కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మెదడులో రక్తస్రావం అరుదే. కానీ వస్తే క్షణమూ విలువైనదే.

అందుకే పర్సులో ఓ చీటీ ఉండాలి. అందులో జబ్బు పేరు, వాడే మందులు, బ్లడ్ గ్రూపు, డాక్టరు ఫోన్ నంబరు. ఆ చీటీ లోపల పెట్టుకుని, గుమ్మం దాటి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోవడమే. కౌంట్ లక్ష దాటేదాకా బతుకును వాయిదా వేసుకోనక్కర్లేదు.